వంటింటికి అడ్డంగా నిలబెట్టిన ప్లేపెన్: ఒక తొమ్మిది నెలల పాప కేసు

ఇల్లు, మనుషులు

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, మెడ నిలపడం ఆలస్యమైనవాళ్ళు, ఒక చెయ్యే వాడేవాళ్ళు, ఇలాంటి కేసులే ఎక్కువ చూస్తాను. ప్లేపెన్, అంటే పసిపిల్లలు లోపల ఆడుకునేలా చుట్టూ కట్టే చిన్న కంచె గురించి అడగడానికి నా దగ్గరికి ఎవరూ రారు. ఈ కుటుంబం కూడా అందుకు రాలేదు. పాప పెదవి చిట్లితే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన దెబ్బ చూసి భయం లేదన్నారు. తొమ్మిది నెలలొచ్చినా పాకడం లేదని తల్లి చెప్పడంతో, ఒకసారి చూడమని నాకు పంపారు. తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. పోల్చుకునే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. తల్లి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, తండ్రి వారంలో సగం రోజులు ఆఫీసుకి వెళ్తాడు. పగలు పాపను చూసుకునేది నానమ్మ. ఆమెకు అరవై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యి అందించాలి. ఈ మోకాళ్ళ సంగతి మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. ఆమె సోఫాలోంచి లేచే తీరు చూసి నేనే అడిగాను.

ఇంకో ముఖ్యమైన విషయం, అది ఓపెన్ కిచెన్. హాలుకీ వంటగదికీ మధ్య గోడ లేదు, తలుపు లేదు, ఏడడుగుల ఖాళీ. కుక్కర్, నూనె మూకుడు, నీళ్ళ బకెట్ అన్నీ ఆ ఖాళీకి అవతల ఉన్నాయి. మామూలుగా దొరికే బేబీ గేట్లు తలుపు చట్రానికి సరిపోయేలా ఉంటాయి. ఇక్కడ బిగించడానికి చట్రమే లేదు. గోడకు స్క్రూలు కొట్టి పెట్టే వెడల్పు గేటు దొరుకుతుంది కానీ, డ్రిల్లింగ్‌కి ఇంటి ఓనర్ ఒప్పుకోలేదు.

వచ్చిన సమస్య

అపార్ట్‌మెంట్‌లో వేరే కుటుంబం అమ్మేస్తుంటే, ప్లాస్టిక్ ప్యానెళ్ళ ప్లేపెన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పన్నెండు ప్యానెళ్ళు, ఎత్తు అరవై సెంటీమీటర్లు, అడుగున రబ్బరు సక్షన్ కప్పులు. దాన్ని గుండ్రంగా మూయకుండా తిన్నగా విప్పి, సోఫా నుంచి టీవీ యూనిట్ దాకా కంచెలాగా నిలబెట్టారు. ఇటువైపు పాప, అటువైపు వంటగది. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. ఏడడుగుల గేటు ఎక్కడా దొరకనప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచనే ఇది.

పాప దాని మధ్యలో పట్టుకుని లేచి నిలబడింది. కంచె విల్లులా వంగింది, సోఫా దగ్గరి కొన జారింది, రెండు ప్యానెళ్ళు కీలు దగ్గర మడుచుకుని వంటగది వైపు పడ్డాయి. పాప వాటి మీద పడింది. ప్యానెల్ అంచు తగిలి పెదవి చిట్లింది. ఆ సమయానికి పొయ్యి మీద ఏమీ లేకపోవడం అదృష్టం.

ఒక కాగితాన్ని తిన్నగా నిలబెడితే పడిపోతుంది, మధ్యలో మడత పెట్టి నిలబెడితే నిలుస్తుంది. ప్యానెళ్ళ ప్లేపెన్ పనిచేసేది కూడా ఇలాగే. గుండ్రంగా మూసినప్పుడు ప్రతి ప్యానెల్‌నీ పక్క ప్యానెల్ ఒక కోణంలో ఆపుతుంది. తిన్నగా పెడితే ఆపేది ఏదీ ఉండదు, బరువంతా సక్షన్ కప్పుల మీద పడుతుంది. కప్పులు నేలకు అతుక్కుని ఉండటానికే గాని, ఎనిమిది కిలోల పాప పైఅంచు పట్టుకుని లాగుతుంటే ఆపడానికి కాదు. గోడకు బిగించే క్లిప్పులతో వచ్చే కంచెలు వేరే రకం, వాటిని అలాగే వాడాలని తయారీదారే రాసి ఇస్తాడు. ఈ ప్లేపెన్ మీద అలా ఏమీ రాసి లేదు. అసలు పెట్టె, మాన్యువల్ రెండూ అమ్మినవాళ్ళ దగ్గరే పోయాయి.

ఇక పాకడం సంగతి. పాపను నేల మీద పెట్టి చూశాను. ఆసరా లేకుండా బాగా కూర్చుంటుంది, రెండు వైపులా తిరుగుతుంది, పట్టు దొరికితే లేచి నిలబడుతుంది. కండరాల బిగువు మామూలుగానే ఉంది, రెండు చేతులూ సమానంగా వాడుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో మోకాళ్ళ మీద పాకడం మొదలయ్యే వయసు 5.2 నుంచి 13.5 నెలల దాకా ఉంది. అందులోని పిల్లల్లో 4.3 శాతం మంది మోకాళ్ళ మీద అసలు పాకనే లేదు. కాబట్టి ఆలస్యం అనడానికి ఏమీ లేదు. తల్లి టెన్షన్ సగం ఇక్కడే తగ్గింది. "అయితే వాకర్ కొనమంటారా?" అని అడిగాడు తండ్రి. వద్దన్నాను. కెనడా 2004లోనే బేబీ వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. వాకర్‌లో పాప ఒక్క క్షణంలో వంటగట్టు దాకా వెళ్ళిపోతుంది. పైగా ఈ ఇంట్లో మధ్యలో గోడ కూడా లేదు.

అప్పటికే చేసి చూసినవి

పడిపోయిన మర్నాడు తండ్రి కంచె కొనను చున్నీతో సోఫా కాలికి కట్టాడు. జారడం ఆగింది. కానీ చున్నీ కొనలు పాపకు అందేలా వేలాడుతున్నాయి. ప్లేపెన్ దగ్గర తాడు, చున్నీ, వైరు, బొమ్మకు కట్టిన పొడవాటి రిబ్బన్, ఏవీ ఉండకూడదు. మెడకు చుట్టుకునేది ఏదైనా ప్రమాదమే. సోఫా కూడా ఇప్పుడు కంచెలో భాగమైంది కాబట్టి, పాప సోఫా ఎక్కడం నేర్చిన రోజు కంచె ఉన్నా లేనట్టే.

తర్వాత కింద మందపాటి ఫోమ్ మ్యాట్ వేసి కంచెను దాని మీద నిలబెట్టారు, పడినా దెబ్బ తగలకుండా. ఆలోచన మంచిదే, ఫలితం తిరగబడింది. సక్షన్ కప్పులు నున్నటి టైల్ మీదే పట్టు నిలుపుతాయి, ఫోమ్ మీద అతుక్కోవు. అంతకు ముందు ఉన్న కాస్త పట్టు కూడా పోయింది.

మూడోది పెద్దమ్మ ఇంటి నుంచి తెచ్చిన చెక్క ప్లేపెన్. వడ్రంగితో చేయించింది, ముగ్గురు పిల్లలు అందులోనే పెరిగారట. చూడ్డానికి గట్టిగా, ముచ్చటగా ఉంది. టేపు పెట్టి కొలిస్తే ఊచల మధ్య ఎడం ఏడున్నర సెంటీమీటర్లు. అమెరికా ప్రమాణాల్లో ఇది రెండుంబావు అంగుళాలకు కాస్త ఎక్కువ, అంటే ఆరు సెంటీమీటర్లు మించకూడదు. అంతకంటే ఎడం ఉంటే పాప శరీరం కాళ్ళ వైపు నుంచి జారి బయటికి వస్తుంది, తల ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను దూరకుంటే చాలని ఒక చిట్కా తిరుగుతుంటుంది. ఇప్పుడు సన్నటి టిన్నులూ వస్తున్నాయి కాబట్టి నేను దాన్ని నమ్మను, టేపునే నమ్ముతాను. ఇక రంగు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఈ ప్లేపెన్ అంతకు చాలా ముందుది. పళ్ళొచ్చే పాప పైఅంచును కొరక్కుండా ఉండదు. దాన్ని వెనక్కి పంపించేశారు. "ముగ్గురు పెరిగారు, ఎవరికేమైంది?" అని నానమ్మ అడిగింది. నిజమే, ఆ ముగ్గురికీ ఏమీ కాలేదు. కానీ ఎడం కొలిచి చూశాక, నాలుగో పాపను అందులో పెట్టమని చెప్పడం నా వల్ల కాదన్నాను.

దేనికి కావాలి?

ఏ ప్లేపెన్ కొనాలని తల్లి అడిగింది. జవాబు చెప్పే ముందు, ఒక వారం పాటు పాపను ఎవరూ ఎత్తుకోలేని, పక్కన కూర్చోలేని సమయాలు మాత్రం రాసుకోమన్నాను. ఇలా అడగడానికి కారణం ఉంది. ప్లేపెన్ కొన్న ఇళ్ళల్లో అది మెల్లగా పాప ఉండే చోటుగా మారిపోతుంది. పొద్దున్న పెడతారు, మధ్యాహ్నం దాకా అందులోనే. ఎంతసేపు కావాలో ముందే తేలితే ఎంత పెద్దది, ఏ రకం, ఎక్కడ అన్నవి సులువుగా తేలతాయి.

వారం తర్వాత కాగితం చూస్తే అవసరం అనుకున్నదానికంటే చాలా తక్కువ. పొద్దున్న వంట, నానమ్మ స్నానం, దీపం పెట్టుకునే సమయం, డెలివరీ వాళ్ళు బెల్ కొట్టినప్పుడు తలుపు దాకా వెళ్ళడం, తల్లి మీటింగ్‌లో ఉండగా నానమ్మ బాత్రూమ్‌కి వెళ్ళాల్సి రావడం. అన్నీ విడివిడి చిన్న ముక్కలు. హాలు సగాన్ని కంచె వేసి మూసేంత పని లేదు. పాపకు చుట్టూ మూసి ఉన్న చిన్న చోటు, దాన్ని వాడే మనిషికి సులువైన తలుపు ఉంటే చాలు. మిగతా సమయమంతా పాప హాల్లో నేల మీదే, ఒకరి కళ్ళ ముందు ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది లోపు పిల్లల్ని స్ట్రోలర్, హై చైర్ లాంటివాటిలో కదలకుండా ఒకేసారి గంటకు మించి ఉంచొద్దని ఉంది. ప్లేపెన్ ఆ జాబితాలో లేదు, అందులో పాప కదలగలదు. అయినా నేను అందులో సగాన్నే పరిమితిగా చెప్తాను, అరగంట. ఈ ఇంట్లో రాసుకున్న ముక్కలన్నీ ఆ అరగంటలో ఇమిడాయి, ఒక్క పొద్దుటి వంట తప్ప. కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకోవడంతో అదీ ఇమిడింది.

పాత ప్యానెళ్ళతోనే మూసి చూశాం

కొత్తది కొనేముందు ఉన్నదాన్నే సరిగ్గా వాడి చూద్దామనుకున్నాం. డబ్బు మిగులుతుందని మాత్రమే కాదు. మూసిన చోట పాప ఎలా ఉంటుందో, నానమ్మ దాన్ని ఎలా వాడుతుందో తెలియకుండా ఇంకోటి కొంటే మళ్ళీ అదే కథ అవుతుంది.

ప్యానెళ్ళను పూర్తిగా మూసి, మ్యాట్‌ను లోపలి కొలతకు కత్తిరించి, కప్పులు నేరుగా టైల్‌కి ఆనేలా పెట్టాం. నిలిచింది. బయట నుంచి పైఅంచు పట్టుకుని, పాప వేలాడినంత బరువుతో నాలుగు వైపులా లాగి చూశాను, కదల్లేదు. మందం తక్కువున్న మ్యాట్ వేయమన్నాను. ఎత్తు కొలవాల్సింది నేల నుంచి కాదు, పాప నిలబడే చోటు నుంచి. అక్కడి నుంచి పైఅంచుకు కనీసం ఇరవై అంగుళాలు, అంటే యాభై ఒక్క సెంటీమీటర్లు ఉండాలి. అరవై సెంటీమీటర్ల ప్యానెల్, నాలుగు సెంటీమీటర్ల మ్యాట్, దాని మీద మడత పెట్టిన దుప్పటి, మూలన పెద్ద టెడ్డీ అంటే మన చేత్తో మనమే మెట్లు కట్టినట్టు. టెడ్డీ మంచం మీదికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత రెండు బలహీనతలు బయటపడ్డాయి. ఒక ప్యానెల్ మీద పిల్లలు ఆడుకోవడానికని తిరిగే చక్రాలు, పొడుచుకొచ్చిన బొమ్మలు ఉన్నాయి. పాప వాటి మీద కాలు మోపడం మొదలుపెట్టింది. రెండోది, ప్యానెళ్ళను కలిపే కీలు ఒకటి పగిలిపోయింది, తలుపు గొళ్ళెంలో ఒక ముక్క మొదటి నుంచీ లేదు. ఆ ముక్కలు విడిగా దొరకలేదు. కీలు పగిలిన చోట వేలు పెడితే చర్మం నొక్కుకుంటుంది, పాప వేళ్ళు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. టేపు చుట్టి వాడదామన్నాడు తండ్రి. టేపు ఊడితే పాప నోట్లోకి పోతుంది, గొళ్ళెం బలం టేపుతో రాదు. ఒప్పుకోలేదు.

పాత ప్లేపెన్‌ల విషయంలో నా మొండితనానికి ఒక కారణం ఉంది. 1998లో అమెరికాలోని షికాగోలో, పిల్లల్ని చూసుకునే ఒకరి ఇంట్లో, మడిచే ప్లేపెన్ పైఅంచు లోపలికి కూలి, వి ఆకారంలో మడుచుకుని ఒక పసివాడి ప్రాణం తీసింది. ఆ ప్లేపెన్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు ఐదేళ్ళ ముందే, 1993లో ప్రకటించారు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇలాంటి మరణాల తర్వాతే అక్కడ 2008లో చట్టం మారి, 2013లో ప్లేపెన్‌లకు తప్పనిసరి ప్రమాణం అమల్లోకి వచ్చింది. మన దగ్గర వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారే వాటికి మాన్యువల్ ఉండదు, మోడల్ నంబరు స్టిక్కర్ చిరిగిపోయి ఉంటుంది. వెనక్కి పిలిచారో లేదో వెతుక్కోవడానికి కూడా ఆధారం దొరకదు.

కొత్తది ఎంచుకోవడం

ఇక్కడ మోకాళ్ళు నిర్ణయించాయి. అరవై సెంటీమీటర్ల గోడ మీదుగా వంగి ఎనిమిది కిలోల పాపను ఎత్తడం నానమ్మ వల్ల కాదు. పాత దాంట్లో ఆమె ఒక చేత్తో పైఅంచు మీద బరువు వేసి, ఇంకో చేత్తో పాపను లాగేది. ఆమె పడితే ఇద్దరూ పడతారు. కాబట్టి బయట నుంచి జిప్ తెరిచే పక్క తలుపు ఉన్నదే కావాలి. ఆమె తలుపు దగ్గర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటే పాప తనంతట తనే బయటికి వస్తుంది. ఎత్తే పనే ఉండదు. ప్లేపెన్ కొనేటప్పుడు అందరూ పాప వయసు చూస్తారు, రోజూ దాన్ని వాడే మనిషి నడుము, మోకాళ్ళు ఎవరూ చూడరు. చెప్పాలంటే రంగు చూసి కొనేవాళ్ళే ఎక్కువ.

నాలుగు వైపులా నెట్ ఉండి, స్టీలు గొట్టాల చట్రం మీద నిలబడే రకాన్ని ఎంచుకున్నాం. ఈ రకానికి అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్406, ప్యానెళ్ళ కంచెలకు ఎఫ్1004, యూరప్‌లో ప్లేపెన్‌లకు ఈఎన్ 12227. ఆన్‌లైన్ పేజీలో "సర్టిఫైడ్" అని రాసి ఉండటం వేరు, ప్రమాణం నంబరు, తయారీదారు పేరు, మోడల్ నంబరు వస్తువు మీదే ఉండటం వేరు. ఆ మూడూ లేనివి పక్కన పెట్టాం. నెట్ కన్నాలు పావు అంగుళం లోపు ఉండాలి, అంటే ఆరు మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దవైతే గౌను బొత్తాం, పట్టీల మువ్వ, చివరికి వేలు కూడా ఇరుక్కుంటాయి. నెట్ కింది భాగం అడుగు గుడ్డకు ఖాళీ లేకుండా కుట్టి ఉందా లేదా అని వేలు పెట్టి తోసి చూడాలి. అక్కడ సంచిలా వదులుగా ఉంటే పాప దొర్లి అందులో ముఖం పెట్టే ప్రమాదం ఉంది. పక్కగోడ కిందికి దిగే రకాలు పాతవి ఎక్కడైనా దొరికితే, ఇదే కారణంతో వద్దంటాను.

చట్రం బిగించిన రాత్రి తండ్రి ఫొటో పంపాడు. ఒక మూలలో గొట్టం ప్లాస్టిక్ కీలులోకి పూర్తిగా దిగలేదు, గుడ్డ కప్పి ఉండటంతో పైకి కనిపించదు. పైఅంచు ఒకవైపు కాస్త వాలి ఉండటం చూసి అడిగాను. బిగించిన వెంటనే పాపను పెట్టొద్దనీ, ముందు పెద్దవాళ్ళు ప్రతి మూలా చేత్తో నొక్కి, లాగి చూడాలనీ ప్రతి ఇంట్లో చెప్తాను. గొట్టం చివరిదాకా దిగితే చాలా మోడళ్ళలో టిక్కుమని శబ్దం వస్తుంది.

ఏడుపు

కొత్త ప్లేపెన్‌ను హాలు మూలన, టీవీ పక్కన పెట్టారు. పెట్టగానే పాప ఏడుపు. నానమ్మ ఫోన్‌లో పాటలు పెట్టి ఎదురుగా నిలబెట్టేది, ఏడుపు ఆగేది. ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అస్సలు వద్దన్నది కూడా ఆ 2019 సూచనల్లోనే ఉంది. ఆ మాట నేను తల్లికి చెప్పాను, నానమ్మకు చెప్పలేదు. నానమ్మకు కావాల్సింది నియమం కాదు, ఇంకో దారి.

ఆ మూల నుంచి పాపకు వంటగది కనిపించదు. నానమ్మ గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. ఈ వయసులో పాపకు అంతకంటే కష్టం లేదు. ప్లేపెన్‌ను వంటగట్టు కనిపించే చోటికి జరిపాం. పాప చెయ్యి చాచినా ఏమీ అందకుండా, మూకుట్లో నూనె చిటపటలాడినా అక్కడి దాకా రాకుండా దూరం చూసుకున్నాం. కిటికీ తెర తాడు, ఫోన్ చార్జర్ వైరు, ఇస్త్రీపెట్టె పెట్టే స్టూలు కూడా దగ్గర్లో లేకుండా చూశాం. గోడకు సగం ఆనించి సగం వదిలేస్తే ఆ సందులో ఇరుక్కునే ప్రమాదం కాబట్టి, అన్ని వైపులా మనిషి తిరిగేంత ఖాళీ వదిలాం.

తర్వాత అలవాటు చేయడం. పని ఉన్నప్పుడే లోపల పెడితే, ప్లేపెన్ అంటే అందరూ తనను వదిలేసి వెళ్ళే చోటని పాపకు అర్థమవుతుంది. అందుకని పని లేనప్పుడు మొదలుపెట్టాం. నానమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని తోటకూర వలిచేది, పాప లోపల స్టీలు గిన్నె, చెక్క గరిటె వాయించుకునేది. ఏడ్చేదాకా ఆగకుండా, ఇంకా ఆడుతుండగానే బయటికి తీసేది. ఇందులో కిటుకు ఇదే. ఏడిస్తేనే ఎత్తుకుంటే, బయటికి రావడానికి దారి ఏడుపేనని పాప నేర్చుకుంటుంది. ఏడుస్తుంటే వదిలేయడం కూడా నేను చెప్పను. అది జరగకముందే ఆపడం సులువు.

బొమ్మలు మూడు నాలుగు చాలన్నాను. ప్లేపెన్ నిండా బొమ్మలు పోస్తే పాకడానికి చోటుండదు, మెట్లూ తయారవుతాయి. నోట్లో పట్టే చిన్న ముక్కలు ఊడొచ్చేవి వద్దు. దండలా కట్టి అడ్డంగా వేలాడదీసే బొమ్మలు, పాప చేతులూ మోకాళ్ళ మీద లేచే వయసు రాగానే తీసేయాలి. షోకేసులోంచి తీసిన కొండపల్లి ఏనుగు ఒకటి అందులో కనిపించింది. ముచ్చటైన బొమ్మే, కానీ రంగు వేసిన మెత్తటి పొణికి చెక్క కొరికే పిల్లలకు కాదు. తిరిగి షోకేసులో పెట్టించాను.

తాయెత్తు, నిద్ర, దోమలు

పాప మెడలో నల్లతాడు, దానికి ఆంజనేయస్వామి బిళ్ళ. దీని గురించి మాట్లాడటం ప్లేపెన్ కంటే కష్టమైంది. నిలబడి దిగజారే పాప మెడలోని తాడు ఏ మూలకో, జిప్ కొసకో తగులుకుంటే ఉరిలా బిగుస్తుంది. మన తాళ్ళు గట్టివి, తెగవు. కోడలు చెప్తే అత్తగారు వినే విషయం కాదిది. "తీసెయ్యమనడం లేదమ్మా, చోటు మార్చమంటున్నాను" అన్నాను. పాపకు ఎలాగూ మొలతాడు ఉంది. నానమ్మ బిళ్ళను దానికి దగ్గరగా కట్టి కుట్టేసింది. కాళ్ళ పట్టీల్లో ఒక మువ్వ ఊడబోతోంది, అవి బీరువాలోకి వెళ్ళాయి.

ప్లేపెన్‌లో ఆడుతూ ఆడుతూ పాప నిద్రపోయేది. నానమ్మ మెల్లగా తల కింద ఆవాల దిండు, రెండు పక్కలా గుండ్రటి దిండ్లు పెట్టి, దుప్పటి కప్పేది. ప్రేమతోనే. కానీ ఈ ప్లేపెన్ ఆట కోసం అమ్మింది, నిద్రకు పనికొస్తుందని తయారీదారు రాయలేదు. దిండు వైపు దొర్లి ముక్కు మూసుకుంటే, పాప తల తిప్పుకోలేకపోవచ్చు. అడుగున అదనంగా బొంత వేస్తే బొంతకూ గోడకూ మధ్య సందు పడుతుంది. నిద్రపోతే తీసుకెళ్ళి ఉయ్యాల మంచంలో వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టాలన్నాం. నానమ్మ ఎత్తలేదు కాబట్టి ఆ పని తల్లిది, మీటింగ్‌లో ఉన్నా లేచి రావాలి. మొదట్లో తల్లికి ఇది విసుగనిపించింది. నిద్ర సమయానికి ముందే పాపను ప్లేపెన్‌లోంచి తీసేస్తే సరిపోతుందని తనే కనిపెట్టింది.

డెంగ్యూ భయంతో గొడుగులా విప్పే దోమతెర కూడా ప్లేపెన్ లోపల పెట్టారు. నిలబడే పాప దాన్ని మీదికి లాక్కుంటుంది. తెర తీసేసి కిటికీలకు నెట్ బిగించమన్నాను. దానికి ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడు.

ఫలితం

పదకొండో నెల రాకముందే పాప మోకాళ్ళ మీద పాకింది. ప్లేపెన్ వల్లే అనను. నున్నటి టైల్ మీద జారే లెగ్గింగ్స్ తీసేసి, మోకాళ్ళు నేలకు తగిలేలా వదిలేయడం, రోజులో ఎక్కువ భాగం హాల్లో స్వేచ్ఛగా ఉండటం ఎక్కువ పనిచేశాయని నా అంచనా. మళ్ళీ పడిన దెబ్బలు లేవు. జిప్ సగం వేసి వదిలేయడం మాత్రం ఒకట్రెండుసార్లు జరిగింది. అందుకని జిప్ కొస నేలకు తాకాకే లేవాలని నానమ్మ తనకు తానే నియమం పెట్టుకుంది.

పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం పాప కాలు పైఅంచు మీదికి వేసింది. దిగలేకపోయింది, ఏడ్చింది, తీశారు. తల్లి వీడియో పంపింది. ఇక మడిచి పెట్టేయమన్నాను. పెట్టె మీద రెండేళ్ళ దాకా అని ఉందని తండ్రి గుర్తు చేశాడు. చాలామంది తయారీదారులు ఎనభై తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు లేదా పద్నాలుగు కిలోలకు లోపు అని రాస్తారు. దాంతోపాటు, ఎక్కి బయటికి రాగలిగితే వెంటనే ఆపమని కూడా రాస్తారు. ఏది ముందొస్తే అదే. కాలు వేసిన పాప రెండోసారి దిగడం నేర్చుకుంటుంది, తలకిందులుగా.

ఆ తర్వాత వంట సమయం ఎలా అన్నది పెద్ద ప్రశ్న. ప్లేపెన్ బదులు ఇంకో ప్లేపెన్ కొనొద్దన్నాను. ఉదయం వంట తండ్రి ఆఫీసుకి వెళ్ళేలోపు ముగిసేలా మార్చుకున్నారు, పొయ్యి వెలిగి ఉన్నంతసేపు పాప అతని దగ్గరే. నీళ్ళ బకెట్ నింపి ఉంచడం మానేశారు. వంటగట్టు కింది అరలకు తాళాలు వేశారు.

ఇప్పుడు ముందుగా అడిగేవి

ఈ కేసు తర్వాత ప్లేపెన్ ఉన్న ఇంటికి వెళ్ళేముందు ఫోన్‌లోనే కొన్ని అడుగుతున్నాను. అది ఏ సమయంలో, ఎంతసేపు కావాలి. పాపను రోజూ అందులో పెట్టి తీసేది ఎవరు, వాళ్ళకు కిందికి వంగడం వస్తుందా. ప్లేపెన్ పూర్తిగా మూసి ఉందా, తిన్నగా విప్పి ఉందా. ఫొటో ఒకటి పంపమంటాను, పాప కళ్ళెత్తులో ఫోన్ పెట్టి తీసింది. పెద్దవాళ్ళ ఎత్తు నుంచి తీసిన ఫొటోలో తాళ్ళూ వైర్లూ కనిపించవు. పరీక్ష గదిలో పాపను ఎంత బాగా చూసినా, ఆ వంటగది చూడకపోతే ఈ కేసులో నాకు సగమే తెలిసేది. అందుకే దెబ్బ తగిలి వచ్చిన ఏ పాప ఇంటికైనా వీలైతే ఒకసారి వెళ్తున్నాను.

నెట్ ప్లేపెన్‌ను ఆ కుటుంబం తల్లి స్నేహితురాలికి ఇచ్చింది. మాన్యువల్, అన్ని గొట్టాలు, కీళ్ళు ఒక సంచిలో వేసి, కొన్న తేదీ, మోడల్ నంబరు రాసిన కాగితం అంటించి ఇచ్చారు. కీలు పగిలిన పాత ప్యానెళ్ళను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చెత్త దగ్గర పెడితే వాచ్‌మన్ కుటుంబం తీసుకెళ్తుందేమోనని, తండ్రి కీళ్ళన్నీ రంపంతో కోసి, ముక్కలుగా పడేశాడు.